సృజనస్తంభన – హాస్యరంగం: ‘ప్రిమా లా మూజికా’, ‘ప్రిలూడ్స్’ రూపకాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్వరకర్తకు స్వరం తోచకపోవడం విషాదవస్తువు. దానిని హాస్యరూపకంగా మలచినప్పుడు ఆ విషాదం ఏమవుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఇందుకు రెండు సంగీతరూపకాలను స్వీకరించడమైనది. మొదటిది 1786లో వియన్నాలో ప్రదర్శితమైన కాస్తి–సాలియేరిల ‘ప్రిమా లా మూజికా ఎ పోయ్ లె పరోలే’ (ముందు సంగీతం, తర్వాత మాటలు). రెండవది 2015లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైన డేవ్ మలోయ్ ‘ప్రిలూడ్స్’. సృజన ఆగిపోవడానికి మొదటి రూపకం బయటి కారణాలను, రెండవది లోపలి కారణాలను చూపుతాయి. భారతీయ అలంకారశాస్త్రంలోని హాస్యవిచారం, తెలుగువారి అవధానప్రక్రియ ఈ రెండింటినీ ఒకే చూపులో పరిశీలించడానికి తోడ్పడతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సృజనస్తంభన, హాస్యం, సంగీతరూపకం, రఖ్మానినోవ్, సాలియేరి, అనౌచిత్యం, అవధానం.

1. ప్రవేశిక

రచయితకు కలం కదలని స్థితిని, స్వరకర్తకు బాణీ తోచని స్థితిని సూచించే స్థిరమైన పారిభాషికపదం మన అలంకారశాస్త్రంలో కనిపించదు. ఈ వ్యాసంలో ‘సృజనస్తంభన’ అనే మాటను వాడుతున్నాను. ఈ ఎంపికకు కారణముంది. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాలలో స్తంభం ఒకటి. హర్షం, భయం, రోగం, విస్మయం, విషాదం మొదలైనవాటివల్ల శరీరం చేష్టలుడిగి నిలిచిపోవడమే స్తంభం. ఒకే బాహ్యలక్షణానికి ఇన్ని భిన్నకారణాలు ఉండవచ్చునని శాస్త్రం ముందుగానే గుర్తించింది. సృజన ఆగిపోవడం విషయంలోనూ ఈ గుర్తింపు అవసరం. ఆగిపోవడం ఒక్కటే, ఆపినవి అనేకం.

నాటకకర్తకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. రంగస్థలానికి క్రియ ప్రాణం. స్తంభన క్రియాశూన్యస్థితి. ఒక మనిషి పియానో ముందు కూర్చుని ఏమీ చేయలేకపోవడాన్ని రెండు గంటలసేపు ప్రదర్శించడం అసాధ్యం. కాబట్టి ఆ శూన్యం చుట్టూ ఏదో ఒకటి జరగాలి. అలా జరిగేది స్తంభించిన వ్యక్తి గాంభీర్యానికి పొసగనిదైనప్పుడు హాస్యం పుడుతుంది. అంటే ఈ వస్తువును రంగస్థలానికి తెచ్చేటప్పుడు హాస్యం వస్తువులోనే ఉన్న ఇబ్బందినుంచి కూడా పుట్టుకువస్తుంది. రెండు రూపకాలు ఈ ఇబ్బందిని ఎలా దాటాయో గమనిస్తే, సృజన గురించి ఆయా కాలాల నమ్మకాలు బయటపడతాయి.

2. నాలుగు రోజుల గడువు: ‘ప్రిమా లా మూజికా’

1786 ఫిబ్రవరి 7న వియన్నా సమీపంలోని షోన్‌బ్రున్ రాజప్రాసాదంలో, శీతకాలంలో నారింజచెట్లను భద్రపరిచే విశాలమైన మందిరంలో, జోసెఫ్ చక్రవర్తి తన అతిథుల కోసం ఒక వేడుక ఏర్పాటు చేశాడు. ఆనాడు రెండు చిన్న హాస్యరూపకాలను ప్రదర్శించారు. జర్మన్ భాషలోనిది మొజార్ట్ సంగీతం సమకూర్చిన ‘డెర్ షౌష్పీల్‌డిరెక్టర్’ (నాటకసమాజ నిర్వాహకుడు). ఇటాలియన్ భాషలోనిది సాలియేరి సంగీతం, జొవాన్ని బత్తిస్తా కాస్తి సాహిత్యం గల ‘ప్రిమా లా మూజికా’. మొజార్ట్‌కు 50 డకెట్లు, సాలియేరికి 100 డకెట్లు పారితోషికంగా ముట్టాయి. రెండు రూపకాలకూ వస్తువు రంగస్థల వ్యాపారంలోని తెరవెనుక తగవులే.

కాస్తి కథ సరళమైనది. ఒక ప్రభువు నాలుగు రోజులలో కొత్త ఒపేరా కావాలని ఆదేశించాడు. స్వరకర్త దగ్గర సంగీతం సిద్ధంగా ఉంది. ఆ సంగీతానికి సరిపడే మాటలు కవి కూర్చాలి. మాటలు ముందు పుట్టాలనీ, వాటి భావాన్ని అనుసరించి సంగీతం నడవాలనీ కవి వాదిస్తాడు. మాటలను ఎవరు వింటారని స్వరకర్త కొట్టిపారేస్తాడు. ఈ వాగ్వాదం సాగుతుండగా ఇద్దరు గాయనులు ప్రవేశిస్తారు. ఎలియనోరా గంభీరరూపకాల నాయిక. తొనీనా హాస్యరూపకాల నటి. ఇద్దరి వెనుకా పెద్దల ప్రాపకం ఉంది. ఇద్దరికీ తమకు తగిన పాట కావాలి. చివరకు ఇద్దరూ ఏకకాలంలో తమ తమ ధోరణులలో పాడి, గంభీరాన్నీ హాస్యాన్నీ ఒకే అల్లికలో కలిపివేస్తారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. కవికి మాట తోచకపోవడానికి అతని అంతరంగంతో సంబంధం లేదు. అతనిలో నిస్పృహ లేదు, ఆత్మసంశయం లేదు. గడువు తక్కువ, బాణీ ముందే నిర్ణయమైపోయింది, ఎవరికి ఏ పాట ఇవ్వాలో మరొకరు నిర్ణయిస్తున్నారు. సృజన ఒక వృత్తి. వృత్తికి వచ్చే ఆటంకాలే దానికీ వస్తాయి. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో రచనాకాలాన్ని బట్టి కవులను విభజిస్తూ, ఒక ప్రయోజనాన్ని పురస్కరించుకొని రచించే కవిని ప్రాయోజనికుడన్నాడు. కాస్తి సృష్టించిన కవి, స్వరకర్త ఇద్దరూ ప్రాయోజనికులే. ప్రభువు పనుపున రాయడం వారికి అవమానకరం కాదు. అదే వారి జీవనాధారం.

అందువల్ల ఈ రూపకంలోని నవ్వు నిర్దయగా ఉన్నా లోతుగా గాయపరచదు. ఎలియనోరా పాత్రధారిణి నాన్సీ స్టొరాచే, సార్తి రచించిన ‘జూలియో సబీనో’ ఒపేరాలో ప్రసిద్ధ గాయకుడు మార్కేసి పాడిన తీరును అనుకరించింది. ఆ సన్నివేశంలో స్వరకర్త, కవి ఇద్దరూ కథలోని పసిపిల్లల స్థానంలో నిలబడవలసివస్తుంది. కళాస్రష్టలమని తగవులాడినవారు గాయని పాటకు అవసరమైన రంగసామగ్రిగా మారిపోతారు. రూపకంలోని పదునైన విమర్శ ఇదే. మాట ముందా, సంగీతం ముందా అన్న చర్చకు సమాధానం చర్చించినవారినుంచి రాలేదు, పాడినవారినుంచి వచ్చింది.

ఈ రూపకం వచ్చిన మూడు నెలల లోపే, 1786 మే 1న, మొజార్ట్–డా పోంటేల ‘ఫిగారో వివాహం’ వియన్నాలో తొలిసారి ప్రదర్శితమైంది. కాస్తి పాత్రలోని కవి డా పోంటేకు వ్యంగ్యచిత్రమని విమర్శకులు భావిస్తారు. ఎవరిని గేలి చేసినా, మాట–సంగీతాల మైత్రి ఎంతటి శిఖరాన్ని అందుకోగలదో ఆ జంటే చూపించడం చరిత్రలోని చమత్కారం.

3. మూడేళ్ళ మౌనం: ‘ప్రిలూడ్స్’

నూట పదేళ్ళ తర్వాత పరిస్థితి వేరు. 1897 మార్చిలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో సెర్గీ రఖ్మానినోవ్ మొదటి సింఫనీని గ్లాజునోవ్ నిర్వహణలో వాయించారు. ప్రదర్శన ఘోరంగా విఫలమైంది. గ్లాజునోవ్ ఆ రోజు మత్తులో ఉన్నాడన్న మాట తర్వాత ప్రచారంలోకి వచ్చింది. సీజర్ క్యూయి ఆ కృతిని నరకంలోని సంగీతకళాశాలతోనూ, ఈజిప్టుకు సంక్రమించిన ఏడు అరిష్టాలతోనూ ముడిపెట్టి సమీక్షించాడు. అప్పటికి రఖ్మానినోవ్‌కు 24 ఏళ్ళు నిండలేదు. ఆ తర్వాత సుమారు మూడేళ్ళు అతడు పెద్ద కృతి ఏదీ రచించలేకపోయాడు. 1900లో నికొలాయ్ డాల్ అనే వైద్యుడు హిప్నాటిజం ద్వారా అతనికి చికిత్స చేశాడు. రెండవ పియానో కాన్సర్టో 1901లో పూర్తిగా ప్రదర్శితమైంది. రఖ్మానినోవ్ దానిని డాల్‌కే అంకితమిచ్చాడు.

ఈ వృత్తాంతాన్ని డేవ్ మలోయ్ 2015లో రూపకంగా మలిచాడు. రేచల్ చావ్కిన్ దర్శకత్వంలో లింకన్ సెంటర్‌లోని చిన్న రంగశాలలో అది ప్రదర్శితమైంది. కథాస్థలం హిప్నాటిజానికి లోనైన రఖ్మానినోవ్ మనస్సు. అందువల్ల 1900 నాటి మాస్కో, నేటి నగరం కలగలిసిపోతాయి. పాత్రలు నేటి వాడుకభాషలో మాట్లాడుకుంటాయి. చెహోవ్, టాల్‌స్టాయ్, చైకోవ్‌స్కీ, గ్లాజునోవ్, రెండవ నికొలాయ్ చక్రవర్తి పాత్రలను ఒకే నటుడు పోషిస్తాడు. అన్నిటికన్నా ముఖ్యమైన కల్పన: నాయకుడు ఇద్దరు. మాట్లాడేవాడు ‘రఖ్’, వేదికపై పియానో వాయించేవాడు ‘రఖ్మానినోవ్’.

ఒకే నటుడు ఇందరు మహానుభావులుగా రావడం పైకి హాస్యప్రయోగం. దానికి మానసికార్థమూ ఉంది. స్తంభించిన మనస్సుకు పెద్దలందరూ ఒకే ముఖంతో కనిపిస్తారు. ప్రశంసించేవాడు, నిరాకరించేవాడు, అనుమతి ఇవ్వవలసినవాడు అందరూ ఒక్కరే. రఖ్మానినోవ్ తన దగ్గరి బంధువైన నటాల్యాను వివాహమాడడానికి చక్రవర్తి అనుమతి అవసరమైందన్నది చరిత్ర. 1900లో అతడు షల్యాపిన్‌తో కలిసి టాల్‌స్టాయ్ ఇంటికి వెళ్ళి ప్రోత్సాహానికి బదులు నిరాశతో తిరిగివచ్చాడన్నదీ చరిత్రే. పెళ్ళికి అనుమతి, కళకు అనుమతి ఒకే వరుసలో నిలబడి ఒకే నటుడి చేతిలో ఉండడం నవ్విస్తుంది. నవ్వు ఆగాక అందులోని దైన్యం తెలుస్తుంది.

4. కరుణాభాసం, హాస్యం

శృంగారానుకరణంనుంచి హాస్యం పుడుతుందని భరతుడు చెప్పాడు. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, అనౌచిత్యంతో ప్రవర్తించిన ఏ రసమైనా ఆభాసమై హాస్యానికి దారితీస్తుందనీ, కరుణకు కూడా ఇది వర్తిస్తుందనీ వివరించాడు. ‘ప్రిలూడ్స్’లోని హాస్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ సూత్రం బాగా ఉపకరిస్తుంది. శోకానికి కారణం చిన్నది, శోకప్రకటన పెద్దది అయినప్పుడు కరుణ ఆభాసమవుతుంది. రఖ్ యువకుడు, ప్రతిభావంతుడు, ప్రేమించే స్త్రీ పక్కన ఉంది, దేశంలోని మేధావులు అతనిని కలుస్తున్నారు. ఇన్ని ఉండగా ఒక్క చెడు ప్రదర్శన కోసం కుమిలిపోవడం ప్రేక్షకుడికి అతిగా తోస్తుంది. అక్కడ హాస్యం పుడుతుంది.

అయితే మలోయ్ కరుణను పూర్తిగా ఆభాసం కానివ్వలేదు. పియానో మోగినప్పుడల్లా నవ్వు వెనకడుగు వేస్తుంది. ఇక్కడ ఈ వస్తువులోని మౌలికవైరుధ్యం బయటపడుతుంది. స్వరం రాని స్వరకర్త గురించిన రూపకంలో వేదికంతా అతని స్వరాలే నిండి ఉంటాయి. తాను ఏమీ రాయలేనని రఖ్ చెబుతుంటే, రఖ్మానినోవ్ పక్కనే వాయిస్తుంటాడు. చికిత్స ఫలిస్తుందని ప్రేక్షకుడికి రాకముందే తెలుసు. రఖ్‌కు మాత్రమే తెలియదు. ఈ నాటకీయవ్యంగ్యంలో హాస్యం, కరుణ రెండూ ఒకే బిందువునుంచి పుడుతున్నాయి.

కాస్తి రూపకంలోనూ సంగీతం మొదటినుంచీ సిద్ధంగా ఉందన్నది గుర్తుచేసుకోవాలి. రెండు రూపకాలలోనూ లోపించినది సంగీతం కాదు. మొదటిదానిలో వ్యవధి, స్వేచ్ఛ లోపించాయి. రెండవదానిలో విశ్వాసం లోపించింది. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి కావ్యహేతువన్నాడు. ఈ ఇద్దరు స్వరకర్తలకూ ఆ మూడూ ఉన్నాయి. అయినా కృతి వెలువడలేదు. హేతుసామగ్రి అంతా ఉండి కూడా కార్యం జరగకపోతే ప్రతిబంధకాన్ని వెదకాలని తార్కికులు చెబుతారు. సృజనస్తంభన చర్చలో ప్రతిభ ఉందా లేదా అన్న ప్రశ్నకన్నా ప్రతిబంధకం ఏది అన్న ప్రశ్న ఫలవంతమైనది. హాస్యరూపకం బలం అక్కడే ఉంది. అది ప్రతిభను రహస్యంగా పూజించదు. ప్రతిబంధకాన్ని పేరుపెట్టి వేదికపైకి పిలుస్తుంది.

5. అప్రస్తుతప్రసంగం: ఒక దేశీయ పోలిక

ప్రతిబంధకాన్ని పేరుపెట్టి సభకు పిలిచే ప్రక్రియ తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానంలో పృచ్ఛకుల పని అవధానికి అడ్డుపడడమే. నిషిద్ధాక్షరి నిర్వహించే పృచ్ఛకుడు కవికి తోచబోయే అక్షరాన్ని ఊహించి ముందే నిషేధిస్తాడు. అప్రస్తుతప్రసంగి ధారణ మధ్యలో సంబంధంలేని మాటలు విసిరి కవి ఏకాగ్రతను చెదరగొడతాడు. సభను నవ్వించేదీ అతడే. అంటే సృజనకు కలిగే ఆటంకాన్ని దాచకుండా, దానికొక ఆసనమిచ్చి, దానినుంచి హాస్యాన్ని రాబట్టే రూపం మనకు ఉంది.

ఈ దృష్టితో చూస్తే క్యూయి సమీక్ష రఖ్ మనస్సులో స్థిరపడిన నిషిద్ధాక్షరి. ఏ స్వరం రాయబోయినా ముందే నిషేధం వినిపిస్తుంది. టాల్‌స్టాయ్, చక్రవర్తి, షల్యాపిన్ రాకపోకలు అప్రస్తుతప్రసంగాలు. కాస్తి రూపకంలో ఆ పాత్ర తొనీనాది. అయితే భేదమూ ముఖ్యమైనదే. అవధానంలో పృచ్ఛకుడు బయట ఉంటాడు, నియమానికి కట్టుబడి ఉంటాడు, సభ ముగియగానే లేచి వెళ్ళిపోతాడు. కాస్తి రూపకం ఈ నమూనాకు దగ్గర. అక్కడి ఆటంకాలన్నీ బయటివే, వాటికి గడువు ఉంది. ‘ప్రిలూడ్స్’లో పృచ్ఛకులందరూ లోపలికి వలసవచ్చారు. లోపలి పృచ్ఛకుడికి నియమం లేదు, సభకు ముగింపు లేదు. 1786 నుంచి 1900 మధ్య కళాకారుని గురించిన భావనలో వచ్చిన మార్పు ఈ వలసలో కనిపిస్తుంది. ప్రభువు స్థానాన్ని ఆత్మ ఆక్రమించింది. గడువు విధించేదీ, తీర్పు చెప్పేదీ అదే అయింది.

6. రెండు రూపకాల పరిమితులు

‘ప్రిలూడ్స్’ మనోలోకాన్ని రంగస్థలంగా చేసుకోవడంవల్ల కలిగిన లాభాన్ని గమనించాం. నష్టమూ ఉంది. చరిత్రలోని మూడేళ్ళ మౌనం అంత నిశ్శబ్దమైనది కాదు. ఆ కాలంలో రఖ్మానినోవ్ 1897–98లో మామొంతోవ్ ఒపేరా సంస్థలో నిర్వాహకుడిగా పనిచేశాడు. షల్యాపిన్‌తో మైత్రి అక్కడే బలపడింది. 1899లో లండన్ వెళ్ళి తన కృతిని నిర్వహించాడు, పియానో వాయించాడు. అక్కడివారికి కొత్త కాన్సర్టో ఇస్తానని మాట ఇచ్చాడు. 19 ఏళ్ళ వయస్సులో రాసిన సి షార్ప్ మైనర్ ప్రిలూడ్‌ను 40 రూబుళ్ళకు ప్రచురణకర్తకు ఇచ్చాడు. అది ప్రపంచమంతా మార్మోగినా ఆ ప్రచారానికి తగిన ఆదాయం అతనికి దక్కలేదు. ఏ సభలోనైనా శ్రోతలు దానినే వాయించమని కోరేవారు. ఇవన్నీ వృత్తిజీవిత వాస్తవాలు. కాస్తి వేదికకు తగినవి. రఖ్మానినోవ్‌కు చికిత్సతోపాటు ఇచ్చిన మాట కూడా తోడైంది. అతనిలోనూ ఒక ప్రాయోజనికుడు ఉన్నాడు. వైద్యుని మాటతోనే సంగీతం ఉబికివచ్చిందన్న ప్రసిద్ధగాథ ఈ అంశాన్ని మరుగుపరుస్తుంది. స్వయంగా సంగీతాభిమాని అయిన డాల్ అతనితో సంగీతం గురించి జరిపిన సంభాషణకు కూడా ఆ గాథలో తగిన చోటు దొరకదు.

రెండవ పరిమితి నటాల్యా పాత్రకు సంబంధించినది. చారిత్రక నటాల్యా మాస్కో సంగీతకళాశాలలో పియానో అభ్యసించిన విదుషి. పాత్రలన్నీ నాయకుని మనస్సులోనే మెదలుతున్నందువల్ల ఆమె కళకు స్వతంత్రస్థానం దొరకడం కష్టమైంది. పురుషుని స్తంభన కథావస్తువైతే, స్త్రీ కళాసాధన దానికి నేపథ్యంగా మిగిలిపోతుంది. స్తంభించే అవకాశం కూడా ఒక సౌకర్యమేనన్న ప్రశ్నను రూపకం తాకుతుంది కాని నిలబెట్టదు. కాస్తి గాయనులను ఈర్ష్యాళువులుగా చిత్రించిన పాతపద్ధతి నేడు అంగీకారయోగ్యం కాదు. అయినా సంగీతాన్ని ముందుకు నడిపే శక్తిని వారి గొంతుకే ఇచ్చాడు. ఈ విషయంలో పాత రూపకమే ఉదారంగా ఉంది.

కాస్తి పరిమితి మరొకటి. సృజన ఆగినప్పుడు మనిషి లోపల ఏమి జరుగుతుందన్నది అతని దృష్టికి అందదు. మొత్తం బాధను వ్యాపారంలోని చిరాకుగా లెక్కగట్టడంవల్ల నవ్వు తేలికపడింది. 1942లో స్ట్రాస్ ‘కప్రిచ్చో’ ఒపేరాకు ఈ రూపకంనుంచే ప్రేరణ లభించింది. స్టెఫాన్ జ్వైగ్ ఈ పాత రచనను స్ట్రాస్ దృష్టికి తెచ్చాడు. అందులో మాట–సంగీతాల తగవు కవి, స్వరకర్తల మధ్య నిలిచిన ఒక స్త్రీ నిర్ణయంగా మారింది. ఆ నిర్ణయం చివరికీ తేలలేదు. కాస్తి వదిలేసిన అంతరంగాన్ని తర్వాతి తరం తిరిగి వెదుక్కుందనడానికి ఇది నిదర్శనం.

7. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, సృజనస్తంభన రంగస్థలంపై హాస్యానికి దారితీయడానికి వస్తువులోని క్రియాశూన్యతే ఒక కారణం. రెండవది, స్తంభనకు కారణం బయట ఉందా లోపల ఉందా అన్న నిర్ణయాన్ని బట్టి నవ్వు స్వభావం మారుతుంది. బయటి ఆటంకాన్ని చూసి నవ్వినప్పుడు ప్రేక్షకుడు తీర్పరి. లోపలి ఆటంకాన్ని చూసి నవ్వినప్పుడు అతడు సాక్షి. మూడవది, ఈ రెండింటిలో ఏ ఒక్కటీ స్తంభనను సంపూర్ణంగా వివరించదు.

సాహిత్యచరిత్ర రాసేవారికి, పరిశోధకులకు ఈ మూడవ అంశం ప్రత్యేకంగా వర్తిస్తుంది. కవి లేదా వాగ్గేయకారుడు కొన్నేళ్ళు ఏమీ రాయకపోతే జీవితచరిత్రలు ఆ ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటవేస్తాయి, లేదా ఒక గాథతో నింపుతాయి. రఖ్మానినోవ్ విషయంలో గాథ ఎంత బలంగా పాతుకుపోయిందంటే, అతడు పనిచేసిన సంస్థలు, చేసిన ప్రయాణాలు, ఇచ్చిన మాటలు దాని వెనుక దాగిపోయాయి. మౌనకాలానికి కూడా ఆధారాలు ఉంటాయి. ఉద్యోగపత్రాలు, ఉత్తరాలు, అప్పులు, సమీక్షలు ఆ ఆధారాలు. వాటిని చదివినప్పుడు స్తంభం జడత్వం కాదనీ, భరతుడు చెప్పినట్లు అదొక భావానికి బాహ్యలక్షణమనీ స్పష్టమవుతుంది. మొదటి సింఫనీ రఖ్మానినోవ్ జీవితకాలంలో మళ్ళీ వినిపించలేదు. అతడు 1943లో మరణించిన తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో దొరికిన వాద్యప్రతుల ఆధారంగా 1945లో మాస్కోలో దానిని తిరిగి వాయించారు. శ్రోతలు ఆ కృతిని ఆదరించారు. మూడేళ్ళ మౌనానికి కారణమైన కృతి నిజంగా విఫలకృతి కాదని తేలడానికి 48 ఏళ్ళు పట్టింది.